కొట్టేసిన వాక్యం

పంతొమ్మిదో నంబరు పెట్టె అంటుందేమిటి ఈవిడ, ముప్పై ఎనిమిదేళ్ల నా రాతకోతలన్నీ పంతొమ్మిది అట్టపెట్టెల్లో కుక్కి, ఒక్కోదానికి ఒక చీటీ అంటించి, పైన గుండ్రటి అక్షరాలతో సత్యనారాయణమూర్తి పత్రాలు అని రాసి, కింద చిన్నగా వ్యక్తిగతం, వృత్తిసంబంధం అని విడదీస్తోంది, వీటిలో ఏది ఏదో నాకే ఏనాడూ తేలలేదు, వెంగళరావు నగర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చే ఈ శ్యామలాదేవికి మూడు వారాల్లో తేలిపోయింది, యూనివర్సిటీ లైబ్రరీ వాళ్లు పంపిన మనిషి, నేతచీర, సంచిలో స్టీలు టిఫిను డబ్బా, వేలికి సిరా మరక, తెలుగు సినిమా చరిత్ర రాస్తుందట, చరిత్ర ఉండాలంటే ముందు సిగ్గుండాలి, ఇది బాగుంది, పాత రోజులైతే వెంటనే చీటీ మీద రాసి ఆదివారానికి దాచుకునేవాణ్ణి, రిటైరై నాలుగేళ్లయ్యాక ఇంకెక్కడి ఆదివారం, అదిగో మళ్లీ బండ పేలింది, కిటికీ అద్దాలు గలగలమన్నాయి, పక్క ప్లాటులో హీరోగారు ఇల్లు కడుతున్నాడు, ఆ బండ మీదే పదేళ్ల కిందట షూటింగులో గుర్రం దిగి, జుట్టు సవరించుకుని, తల్లి శవం ముందు ప్రతిజ్ఞ చేశాడు, నవ్వు ఆపుకోలేక నేను తుమ్మినట్టు నటించాను, ఆ షాటులో బాగా నటించింది నేనొక్కణ్ణే, ఇప్పుడు ఆ బండను మందుపెట్టి పేల్చి వంటిల్లు కట్టుకుంటున్నాడు, మద్రాసులో ఉన్నన్నాళ్లూ ఈ సినిమావాళ్లకు అద్దె ఇళ్లవాళ్ల భయమైనా ఉండేది, ఒక్కొక్కరే మూటలు సర్దుకుని జూబ్లీహిల్స్‌లో దిగాక గుట్టకో ఇల్లు, ఇంటికో గేటు, గేటుకు రెండు సిమెంటు సింహాలు, సింహాలకు కూడా ఆయనగారి మీసమే.

ఈ పెట్టెల్లో ఉన్నదంతా వాళ్ల చెత్తే, మొదటి పెట్టె నుంచి పద్దెనిమిది దాకా, అన్నగారూ నా ఫొటో పక్కవాడి ఫొటో కంటే అంగుళం పెద్దది వెయ్యండి అని రాసిన హీరో, నా సినిమాను మీరు తిట్టినా పర్వాలేదు, మొదటి పేజీలో తిట్టండి అని రాసిన నిర్మాత, ఏడో పెట్టెలో ఒక హీరోయిన్ తల్లి పన్నెండేళ్ల పాటు రాసిన పన్నెండు ఉత్తరాలున్నాయి, పన్నెండేళ్లలో కూతురికి పంతొమ్మిది దాటలేదు, ఇవన్నీ చూసి శ్యామలాదేవి కళ్లు పెద్దవి చేస్తుందనుకున్నాను, ఆవిడ దుమ్ము దులిపి, తేదీ రాసి, పక్కన పెట్టింది, ఇలాంటివి అందరి దగ్గరా ఉంటాయి సార్ అంది, అందరి దగ్గరా అట, బుధవారం నాడు లైబ్రరీవాళ్ల సభ ఉంది, మంత్రి వస్తాడు, నిర్భయ పాత్రికేయుడు అని నా గురించి ఏదో చదువుతాడు, ఆ వాక్యం వాళ్లకు నేనే రాసి పంపాను, లేకపోతే వాళ్లు నిర్బయ అని ఒత్తు లేకుండా రాస్తారు, ఆ సభలో ఈవిడ కూడా మాట్లాడుతుందట, దేని గురించి అంటే పంతొమ్మిదో పెట్టె గురించి, మీ కాగితాల్లో ఇంకెక్కడా దొరకనిది ఇదొక్కటే సార్ అంటుంది, ఏమిటమ్మా అది అంటే ఏరి పెట్టిన పాఠకుల ఉత్తరాలు, అంటే నేను ముప్పై ఎనిమిదేళ్లు రాసిందంతా ఎక్కడైనా దొరుకుతుంది, నాకు ఊళ్లోవాళ్లు రాసిందే దొరకదు, బాగానే ఉంది.

పల్లేరుకాయలు అని పేరు పెట్టింది నేనే, ఆదివారం సినిమా పేజీలో అడుగున రెండు కాలాలు, పాఠకుల ప్రశ్నలు, నా జవాబులు, జవాబు అంటే కాలిలో దిగాలి, ఫలానా హీరోకు పెళ్లయిందా, ఫలానా హీరోయిన్ ఏ సబ్బు వాడుతుంది, దేశంలో ఇంతమంది మూర్ఖులు స్టాంపులు అంటించి మరీ పంపేవాళ్లు, వారానికి ఒక సంచీ, సంచీలోంచి పది తీసి, పదింటికీ వాత పెట్టి, అచ్చయ్యాక అవీ మిగతావీ ఇంటికి పంపేవాణ్ణి, నీళ్లు కాగబెట్టుకోవే అని సీతామహాలక్ష్మికి చెప్పేవాణ్ణి, ముప్పై ఏళ్లు వేణ్ణీళ్లు పోసుకుంటూ వీటి వేడే అనుకున్నాను, ఈ శ్యామలాదేవి వచ్చిన మూడో రోజున మా ఆవిడ అటక మీది నుంచి నాలుగు రేకు ట్రంకులు దింపించింది, ఏ ఏడువి ఆ ఏడు, జాకెట్టు గుడ్డ పీలికలతో కట్టలు కట్టి ఉన్నాయి, ఇదేమిటే అంటే, ఎవరో కూర్చుని రాసుకున్నవి, పొయ్యిలో ఎలా పెడతానండీ అంది, మరి నీళ్లు దేనితో కాచావు అంటే కట్టెలతోనండీ అంది, అంతే, కాఫీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది, పెళ్లయి ముప్పై అయిదేళ్లయినా ఆవిడకు నా పేజీ చదివే అలవాటు లేదు, ఇవి మాత్రం చదివినట్టుంది, మా ఆవిడ అభిరుచి ఎప్పుడూ అంతే.

ఇవాళ పదకొండింటికి ఒకావిడ వస్తుంది సార్ అంది శ్యామలాదేవి, తల ఎత్తకుండానే, ఉత్తరాలు రాసినవాళ్ల అనుమతి అడుగుదామని కొన్ని చిరునామాలకు వెళ్లాను, చాలామంది లేరు, ఊళ్లు మారారు, యూసుఫ్‌గూడలో ఒకావిడ దొరికింది, లైబ్రరీలో పెట్టడానికి ఒప్పుకోలేదు, తన ఉత్తరం తనకు తిరిగి ఇమ్మంటోంది. నాకు నవ్వొచ్చింది, నాకు పంపిన ఉత్తరం నాది కాదా అమ్మా, రేపు తపాలావాళ్లు వచ్చి స్టాంపులు కూడా అడుగుతారు, శ్యామలాదేవి నవ్వలేదు, ఈవిడ నవ్వగా నేను చూడలేదు, ఆవిడ అడుగుతున్నది ఒక్క ఉత్తరమే సార్, మీరు మధ్యాహ్నం అప్పగింత పత్రం మీద సంతకం చేస్తే తర్వాత పెట్టెలోంచి ఏదీ తియ్యడానికి వీల్లేదు, ఇవ్వాలంటే ఈలోపే ఇవ్వాలి, మీ ఇష్టం అంది, మీ ఇష్టం అన్న మాటను ఈ యూనివర్సిటీవాళ్లు ఎంత బాగా అంటారో, బెత్తంతో కొట్టి చెయ్యి నిమిరినట్టు, సరే రానీ అన్నాను, రచయిత్రిని చూద్దాం, ఆటోగ్రాఫు కూడా ఇస్తాను, యూసుఫ్‌గూడ అంటే ఇంకేముంటుంది, ఇంటికొకరు చొప్పున సినిమా పిచ్చి, లైట్లు మోసేవాడు, అన్నం వండేవాడు, గుంపులో నిలబడేవాడు, వాళ్ల భాషను మన సినిమాల్లో నౌకర్లతో, దొంగలతో పలికిస్తే హాలంతా నవ్వుతుంది, నేనూ నా పేజీలో ఆ ఉత్తరాలను ఏ తప్పూ దిద్దకుండా వేసేవాణ్ణి, దిద్దితే హాస్యం పోతుంది.

ఆటో చప్పుడు, గేటు కిర్రుమంది, వచ్చింది, ముప్పై అయిదు ముప్పై ఆరు ఉంటాయి, పల్చటి మనిషి, మెడలో కొలత టేపు తియ్యడం మరిచిపోయి అలాగే వచ్చేసింది, చెప్పులు మెట్ల కిందే విడిచింది, నమస్తె సారూ, నేను సుబ్బులు అంది, కూర్చోమంటే కూర్చోలేదు, సీతామహాలక్ష్మి వచ్చి చెయ్యి పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చింది, సినిమావాళ్ల భార్యలు వస్తే బయటికి రానిది, ఈవిడకు తానే నీళ్లు తెచ్చింది, ఏమ్మా, నా అభిమానివా అన్నాను, అలవాటు కొద్దీ, ఆమె నా మొహం చూసి, ఒకప్పుడు మా చెల్లె నేను ఇద్దరం చదువుతుంటిమి సారూ, మీరు అన్ని ఎరుకున్న మనిషని అనుకుంటుంటిమి అంది, ఇప్పుడు అనుకోవడం లేదా అందామనుకున్నాను, అనలేదు, ఎందుకు అనలేదో, నాకు మాట తట్టి కూడా అనకపోవడం ఎన్నేళ్లకో.

శ్యామలాదేవి ఎనభై ఏడు అని రాసిన కట్ట విప్పి కవరు ఒకటి తీసింది, కవరులోంచి నోటుబుక్కు కాగితం, దాని మడతలోంచి ఖాళీ పోస్టుకార్డు ఒకటి జారి కింద పడింది, నేనే వంగి తీశాను, కార్డు మీద చిరునామా రాసి ఉంది, సుబ్బులు, కేరాఫ్ శకుంతలమ్మ లేడీస్ టైలర్, యూసుఫ్‌గూడ, వెనక వైపు ఏమీ లేదు, పదకొండేళ్ల దుమ్ముకు అంచులు పసుపెక్కాయి, నడుమ ఇంకా తెల్లగా ఉంది, కాగితం విప్పాను, అక్షరాలు చిన్నవి, ఒత్తి రాసినవి, అన్నగారికి నమస్కారములు, నేను బట్టలు కుట్టె షాపుల పనిచేస్త, మా చెల్లె నీలమ్మకు పదెనిమిదేండ్లు, ఫిలింనగర్‌ల ఒక కంపిని వాళ్లు మంచిగున్నవు యాక్టింగు ఇస్తమని చెప్పిండ్రు, శూటింగు అరకుల అంట, ఒక్కదాన్నె రమ్మన్నరు, ఇంటోళ్లు రావద్దన్నరు, అది పోత అంటున్నది, ఒకసారి వద్దు అంటున్నది, మీకు అన్ని కంపినీలు ఎరుక గదా, ఇది మంచి కంపినా కాదా, ఆ తర్వాత ఇంకో రెండు వరుసలున్నాయి, వాటి మీద ఎర్రగా ఒక గీత ఉంది, నేను గీత కింద ఏముందో చదవకుండానే కంపెనీ పేరు చదివాను, చదవగానే గుర్తొచ్చింది, ఎందుకు గుర్తురాదు, ఫిలింనగర్‌లో మందుల షాపు పైన ఒకే ఒక్క గది, గోడ మీద రెండు కెమెరా బొమ్మలు, ఆ కంపెనీ ఒక్క అడుగు ఫిల్ము కూడా ఎప్పుడూ కొనలేదని మా విలేకరులందరికీ తెలుసు, ప్రివ్యూల్లో టీ తాగుతూ అనుకునేవాళ్లం, వాడు మళ్లీ కొత్త పిల్లను పట్టాడట్రా అని, అనుకుని గ్లాసు కింద పెట్టి సినిమా చూడ్డానికి లోపలికి వెళ్లేవాళ్లం.

నా జవాబు కూడా గుర్తొచ్చింది, వద్దన్నా వచ్చింది, అక్షరం పొల్లుపోకుండా, కంపెనీ సంగతి దేవుడెరుగు, అరకు మాత్రం మంచిదే, చలి ఎక్కువ, దుప్పటి ఒకటే ఉంటుంది, సర్దుకోమనండి, ఆ ఆదివారం సాయంత్రం ఓ నిర్మాత గారింట్లో విందు, నేను లోపలికి అడుగుపెట్టగానే ఒకడు దుప్పటి ఒకటే అని అరిచాడు, నలుగురు నవ్వారు, ఇంకో మూలనుంచి ఇంకొకడు సర్దుకోమనండి అన్నాడు, హాలంతా నవ్వింది, నెల రోజులు ఎక్కడికి వెళ్లినా ఆ మాటే, నేను రాసిన వాటిలో మంచివి పది ఏరమంటే అదీ అందులో ఉండేది, ఉండేది అంటున్నానేం, నిన్నటిదాకా ఉంది, బుధవారం నాటి ఉపన్యాసం చిత్తుప్రతిలో మూడో పేజీలో ఉంది.

పేపర్ల యూసుఫ్‌గూడ, సుబ్బులు అని వచ్చింది సారూ అంది ఆమె, గొంతు పెంచకుండా, రేషను క్యూలో ఏం జరిగిందో చెప్పేవాళ్లలా, మా గల్లీల సుబ్బులు అంటే నేనొక్కదాన్నే, చాయ్ హోటల్ల ఒకాయన గట్టిగ చదివిండు, అందరు ఇన్నరు, మా నాయిన గాడనే ఉన్నడు, ఇంటికొచ్చి ఇద్దర్ని కొట్టిండు, నన్ను ఎందుకు రాసినవని, దాన్ని ఎందుకు పోతనన్నవని, అదేమో గప్పటిదాంక పోవాల్నా వద్దా అని ఊగుతుండె సారూ, నా దిక్కు చూసి, నేను బాగుపడుతనని ఓర్వలేక పేపర్ల ఏయించినవు గదనే, ఇగ ఊరంత నవ్వినంక నేను గీడ ఉండి ఏం చెయ్యాలె అన్నది, గా సాయంత్రమే పోయింది. ఇక్కడ ఆగి నీళ్లు తాగింది, పక్క ప్లాటులో మేస్త్రీ ఎవణ్ణో కేకేస్తున్నాడు, తొమ్మిది దినాలకు వచ్చింది, గాడ ఏమైందో నేను అడగలె, మీరు గూడ అడగొద్దు, నాయిన తలుపు తియ్యలె, కృష్ణానగర్ల ఎవరో ముసలామె రూమ్ల పెట్టుకున్నది, గప్పటి సంది గాడనే ఉంటది, గుంపుల నిలవడే పనికి పోతది, పెండ్లి సీన్లల్ల పళ్లెం పట్టుకుంటది, నేను పోయి చూసేది సారూ, హాలుకు, ముఖం కనవడితె కనవడ్డట్టు, లేకుంటె లేదు, నాతోని మాట్లాడదు, పదకొండేండ్లాయె, నిరుడు నాయిన సచ్చినప్పుడు వచ్చింది, నాకు అటు పక్కన నిలవడ్డది, నా దిక్కు చూడలె.

మరి ఉత్తరంతో ఏం చేస్తావమ్మా అన్నాను, నా గొంతు నాకే ఆఫీసరు గొంతులా వినిపించింది, నేను ఎయ్యమన్లేదు సారూ, వెయ్యొద్దనే రాసిన, గది మా చెల్లెకు సూపిస్త అంది, స్టూలు మీంచి లేచి వచ్చి నా భుజం పక్కన నిలబడి వేలు పెట్టి చూపించింది, సూది పోట్ల వేలు, ఆ ఎర్ర గీత కిందే, గీత కింద అక్షరాలు శుభ్రంగా కనిపిస్తున్నాయి, ఇది పేపరుల వెయ్యొద్దు, మా నాయినకు తెలిస్తె చంపుతడు, ఇందుల కార్డు పెట్టిన, అవును కాదు అని ఒక్క ముక్క రాసి పంపుండ్రి చాలు. చూడమ్మా, అని మొదలుపెట్టాను, ఆఫీసుకు వారానికి సంచెడు వచ్చేవి, అన్నీ నేను చదివేవాణ్ణి కాదు, కింద ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్లు, ఎవరో చూసి ఉంటారు, తొందరలో ఎవరో కొట్టేసి ఉంటారు, పదకొండేళ్ల కిందటి మాట, నాకేం గుర్తుంటుంది, బాగానే వస్తోంది, నేను చెప్పే అబద్ధాలకు ఎప్పుడూ వ్యాకరణం తప్పదు, శ్యామలాదేవి కాగితాల వైపు తల వంచుకుని ఉంది, మూడు వారాలుగా నా ప్రూఫులన్నీ చూసిన మనిషి, మా ఆఫీసులో ఎర్ర సిరా నా ఒక్కడి బల్ల మీదే ఉండేదని ఆవిడకు తెలుసు, మిగతావాళ్లు ఆకుపచ్చ వాడాలని నేనే సర్క్యులరు పెట్టాను, ఆ సర్క్యులరు నాలుగో పెట్టెలో ఉంది, దాని మీదా ఆవిడే చీటీ అంటించింది, ఏమీ అనలేదు, అంటే బాగుండేది, తిట్టినవాణ్ణి తిరిగి తిట్టడం నాకు వచ్చు.

తీసుకెళ్లమ్మా అన్నాను, ఇక దీన్ని కళ్ల ముందు నుంచి పంపిస్తే చాలనిపించింది, పెట్టెలో ఉంటే రేపు ఎవడో పరిశోధకుడు చదువుతాడు, ఈమె పట్టుకుపోతే నాకూ మంచిదే, చూశావా, ఇంకా లెక్క నా వైపు నుంచే, ఆమె మాత్రం కదల్లేదు, గీ ఎర్రగీత మీరే గీసిండ్రని రాసియ్యుండ్రి సారూ అంది, లేకుంటె నేనే ఇప్పుడు రాసుకొని నేనే కొట్టుకున్న అంటది, అది నన్ను నమ్మదు, మీ రాత అయితె నమ్ముతది, పేపర్ల వారం వారం మీ సంతకం చూసి చదివినోళ్లం గదా, ఎక్కడ రాయను అంటే, నా చేతిలో ఉన్న పోస్టుకార్డు వైపు చూసింది, గా కార్డు మీదనే రాయుండ్రి, మీకోసమే పెట్టిన గదా అంది, ఎత్తిపొడుపు కాదు, ఎత్తిపొడుపైతే నేను కనిపెట్టలేనా, నా కాగితాలన్నీ అవే, ఆమె నిజంగానే కార్డు రాయడానికే ఉంటుంది కాబట్టి రాయమంటోంది, శ్యామలాదేవి పెన్ను ఇచ్చింది, నీలం సిరా.

పెన్ను పట్టుకోగానే వెధవ అలవాటు, ముందు చమత్కారం వచ్చింది, ఆలస్యానికి క్షమించండి, తపాలా శాఖ అని, దాన్ని తోసేస్తే ఇంకొకటి వచ్చింది, ఒకటి పోతే ఇంకొకటి, వరుసగా, విందులో ప్లేట్లు పట్టుకుని నిలబడ్డవాళ్లలా, ఒక్కటీ పనికిరాదు, ఇన్నేళ్లు రాసినవాణ్ణి, ఒక ఆడమనిషి చెల్లెలికి చూపించుకునే మామూలు వాక్యం ఒకటి రాయలేక కూర్చున్నాను, చివరికి రాశాను, నీలమ్మకు, మీ అక్క ఈ ఉత్తరం పేపర్లో వెయ్యవద్దని రాసింది, ఆ వాక్యాన్ని నేను పొరపాటున కొట్టేశాను, ఆ కంపెనీ మంచిది కాదు, ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు, సత్యనారాయణమూర్తి, ఇచ్చాను, ఆమె కార్డు కిటికీ వెలుతురుకు పెట్టి వేలితో ఒక్కో మాటా కూడబలుక్కుని చదివింది, పొరపాటున దగ్గర వేలు ఆగింది, పొరపాటునేనా సారూ అంది, అడిగింది, అంతే, నిలదియ్యలేదు, నేను పొరపాటు అంటే పొరపాటే అని నమ్మడానికి సిద్ధంగా ఉంది, పదకొండేళ్ల తర్వాత కూడా, దుప్పటి ఒకటే అని రాసిన నా మాటను కూడా, వీళ్ల బుద్ధి ఇంతేనా అని లోపల ఎవడో అనబోయాడు, వాడి నోట మాట రాలేదు.

ఉత్తరం ఇంకా నా ఒళ్లోనే ఉంది, గీత చూశాను, మొదటిసారి సరిగ్గా చూశాను, ఇది అన్న మాటకు ముందు మొదలై, కింది వరుసలోకి దిగి, చాలు అన్న మాట దాటగానే ఆగింది, మధ్యలో కాగితం మడత వచ్చినా వంకరపోలేదు, స్కేలు పెట్టి గీసినట్టుంది, స్కేలు పెట్టే గీశాను, నా బల్ల మీద ఇత్తడి స్కేలు ఉండేది, పై వరుసలో పనికొచ్చే మాట ఒక్కటీ తెగలేదు, కింద ఆమె పేరు, పేట చెడలేదు, అచ్చుకు కావలసింది అచ్చుకు వదిలి, అడ్డొచ్చింది అడ్డొచ్చినంత మేరకే తీశాను, ఎవరో తొందరలో కొట్టేసిన గీత ఇంత తిన్నగా ఉండదు, చదవనివాడికి ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలియదు, నేను అంతా చదివాను, నాయిన చంపుతడు అన్నదీ చదివాను, కార్డు సంగతీ చదివాను, బహుశా కార్డు తీసి చూసి మళ్లీ మడతలో పెట్టింది కూడా నేనే, కంపెనీ ఎలాంటిదో తెలుసు, అవును కాదు అని ఒక్క ముక్క, కాదు అని రాయడానికి రెండు అక్షరాలు, రెండు అక్షరాలకు ఎవరు నవ్వుతారు, అందుకని రాయలేదు, కార్డు ఇటివ్వమ్మా అన్నాను, పొరపాటున అన్న మాటను నీలం సిరాతో కొట్టి, దాని మీద చదివే అని రాశాను, ఆ వాక్యాన్ని నేను చదివే కొట్టేశాను, ఆమె మళ్లీ మొదటి నుంచి కూడబలుక్కుని చదివింది, ఉత్తరమూ కార్డూ కలిపి పమిట కొంగులో పెట్టి దోపుకుంది, ఆటో ఉంచిన, సీదా కృష్ణానగర్ పోత, తలుపు తీస్తదో లేదో అంది, అది మాకు చెప్పిందో తనకు తాను చెప్పుకుందో, సీతామహాలక్ష్మి గేటు దాకా వెళ్లింది, ఆటో గుట్ట దిగుతున్న చప్పుడు మలుపు దగ్గర వినిపించకుండా పోయింది, ఆ ఉత్తరం ఉన్నచోట ఏం రాయమంటారు సార్ అంటోంది శ్యామలాదేవి, జాబితా ముందు పెట్టుకుని, మీకు తోచింది రాయండి అన్నాను, సంతకం ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టాను, ఉత్తరాలు రాసేవాళ్లు మూర్ఖులని ఇన్నేళ్లూ ఊరికే అన్నాను, వాళ్లు ఏం అడుగుతున్నారో ఒక్క అక్షరం కూడా వదలకుండా నాకు తెలుసు.